రెండోసారి గీసిన స్వస్థత

అహోబిలం వెళ్లి వచ్చినవారికి ఒక సంగతి తెలుసు. అక్కడి ఆలయ స్తంభాల మీద కథ చెక్కి ఉంటుంది. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆ రాతి ముందు నిలబడి, వేలితో చూపిస్తూ ప్రహ్లాదుని కథంతా మనవడికి చెప్పేస్తుంది. కొండ దిగి వస్తే ఆళ్లగడ్డలో శిల్పుల ఉలి చప్పుడు నేటికీ ఆగలేదు. కంటితో చూసిన కథ మనసులో ఎంత లోతుగా దిగుతుందో ఆ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు.

అదే నల్లమల నీడలో మన సంఘాలూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో ముత్యాలపాడు, నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషనరీలు, కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ వారు విత్తిన విత్తనాలవి. ఆ మందిరాల్లో అడుగుపెడితే సున్నం వేసిన తెల్లని గోడలు కనబడతాయి. ఒక సిలువ, ఆ సంవత్సరపు వాగ్దాన వాక్యం, ఒక గోడ గడియారం. అంతే. నిర్గమకాండం 20వ అధ్యాయంలోని రెండో ఆజ్ఞ మన పెద్దల మనసుల్లో అంత బలంగా నాటుకుంది. ఇంట్లో మాత్రం గొర్రెపిల్లను భుజాన వేసుకున్న ప్రభువు బొమ్మతో క్యాలెండరు వేలాడదీసుకుంటాం. సంవత్సరం అయిపోయినా ఆ క్యాలెండరును పారేయడానికి మన తల్లులకు చేతులు రావు.

గోడల మీద బొమ్మలు వద్దనే విషయంలో మనకంటే గట్టివాళ్లు ఒకప్పుడు అమెరికాలో ఉండేవారు. వారే క్వేకర్లు. వారి ఆరాధన గదిలో సిలువ కూడా ఉండదు, ప్రసంగ వేదిక ఉండదు, పాట ఉండదు. బల్లల మీద మౌనంగా కూర్చుని ఆత్మ ప్రేరేపణ కోసం కనిపెట్టడమే వారి ఆరాధన. అటువంటి వాతావరణంలో పుట్టి పెరిగిన ఒక పిల్లవాడు తన కాలంలో బైబిలు దృశ్యాలను గీసిన చిత్రకారుల్లో అగ్రగణ్యుడయ్యాడు. ఆయన పేరు బెంజమిన్ వెస్ట్. ముసలితనంలో ఆయన గీసిన ఒక చిత్రం ఒక ఆసుపత్రికి డబ్బు సంపాదించి పెట్టింది. అయితే ఆ చిత్రాన్ని ఆయన రెండుసార్లు గీయవలసి వచ్చింది.

బెంజమిన్ 1738 అక్టోబరు 10న పెన్సిల్వేనియాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ వెస్ట్ పూటకూళ్ల సత్రం నడిపేవాడు. తల్లి సారా. వారి పదిమంది పిల్లల్లో బెంజమిన్ ఆఖరివాడు. అప్పటికి అమెరికా ఇంకా ఇంగ్లాండు రాజు ఏలుబడిలోనే ఉంది. ఆ ఊళ్లో చిత్రకారులు లేరు, రంగుల దుకాణం లేదు, గోడకు బొమ్మ తగిలించిన ఇల్లు కూడా అరుదు. చిత్రకళ నేర్చుకోవడానికి అంతకంటే అననుకూలమైన చోటు ఉండదేమో!

ఆయన బాల్యం గురించి మనకు తెలిసినదంతా దాదాపు జాన్ గాల్ట్ అనే రచయిత పుణ్యమే. వృద్ధుడైన వెస్ట్ చెబుతుండగా విని ఆయన జీవిత చరిత్ర రాశాడు. ముసలివారు తమ చిన్ననాటి సంగతులు చెప్పేటప్పుడు కొంత తీపి కలపడం సహజం కదా! అందుకే ఈ కథలను కాస్త ఉప్పు నంజుకుంటూ వినాలి. ఏడేళ్ల వయసులో ఉయ్యాలలో నిద్రపోతున్న అక్క బిడ్డకు విసనకర్రతో విసురుతూ కూర్చున్న బెంజమిన్, ఆ పసికందు నిద్రలో నవ్వడం చూసి ఉండబట్టలేక, అందుబాటులో ఉన్న నల్ల సిరా, ఎర్ర సిరాలతో ఆ ముఖం గీశాడట. తల్లి చూసి కోప్పడలేదు, దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకుంది. ఆ ముద్దే తనను చిత్రకారుణ్ని చేసిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవాడట.

కుంచె అంటే ఏమిటో తెలియని ఆ పల్లెలో ఇంట్లోని పిల్లి తోక వెంట్రుకలు కత్తిరించి పక్షి ఈకకు కట్టి కుంచె చేసుకున్నాడని మరో కథ. పిల్లి ఒళ్లంతా బొచ్చు ఊడిపోతుంటే దానికేదో జబ్బు చేసిందని తండ్రి కంగారు పడ్డాడట. అక్కడి ఆదివాసులు తమ ముఖాలకు పూసుకునే ఎర్రమట్టి, పసుపుమట్టి ఎలా కలపాలో అతనికి నేర్పారు. తల్లి వాడే నీలిమందుతో మూడో రంగు సమకూరింది. మనవైపు సంక్రాంతికి ఎర్రమట్టి, సున్నం కలిపి అరుగులు అలికే ఆడపడుచులకు ఈ విద్య కొత్తేమీ కాదు.

పిల్లవాడు పెరుగుతున్నకొద్దీ ఇంట్లో పెద్ద చిక్కు వచ్చి పడింది. బొమ్మలు గీసుకుని బతకడం దేవుని బిడ్డలకు తగిన పనేనా? గాల్ట్ రాసినదాని ప్రకారం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని క్వేకరు పెద్దలు ఈ ప్రశ్న తేల్చడానికి ప్రత్యేకంగా కూడుకున్నారు. వారిలో జాన్ విలియమ్సన్ అనే పెద్ద లేచి, దేవుడు ఒకరికి ఒక నేర్పు ఇచ్చాక, అది వ్యర్థమని చెప్పడానికి మనమెవరమని అడిగాడట. తరువాత స్త్రీలు ఆ కుర్రవాణ్ని ముద్దు పెట్టుకున్నారు, పురుషులు ఒక్కొక్కరే అతని తలమీద చేతులుంచి దీవించారు. ఇలాంటి సభ నిజంగా జరిగిందా అని సందేహించే చరిత్రకారులున్నారు. నాకైతే జరిగిందా లేదా అన్నదానికంటే, ఎనభై ఏళ్లు దగ్గరపడిన ముసలాయన తన వృత్తిని ఒక సంఘం చేతులుంచి పంపిన పనిగా జ్ఞాపకం పెట్టుకున్నాడన్నదే ముఖ్యంగా తోస్తుంది. నిర్గమకాండం 31వ అధ్యాయంలో బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది ప్రసంగాలు చేయడానికి కాదు గదా, బంగారం, వెండి, రాయి, కర్రలతో పని చేయడానికే.

యౌవనంలో వెస్ట్ ఊరూరా తిరిగి డబ్బున్నవారి ముఖచిత్రాలు గీసి బతికాడు. లాంకాస్టర్ పట్టణంలో తుపాకులు తయారుచేసే విలియం హెన్రీ అనే ఆయన, ముఖాలు గీస్తూ కాలం గడపవద్దని, గొప్ప కథలను గీయమని ప్రోత్సహించాడు. అలా సోక్రటీసు మరణాన్ని గీశాడు. అది చూసినవారిలో ఫిలడెల్ఫియా కాలేజీ అధిపతి విలియం స్మిత్ ఒకరు. ఆయన చొరవతో పట్టణంలోని వర్తకుల సాయం దొరికింది. 1760లో ఇరవై ఒక్కేళ్ల వెస్ట్ ఓడెక్కి ఇటలీకి చేరాడు.

రోము నగరంలో అప్పుడు ఒక కొత్త గాలి వీస్తోంది. మితిమీరిన అలంకరణలను వదిలిపెట్టి, ప్రాచీన గ్రీకు, రోమా శిల్పాల్లోని నిండుదనాన్ని, నిగ్రహాన్ని చిత్రాల్లోకి తేవాలని చిత్రకారులు తపన పడుతున్నారు. దానినే తరువాతి వారు నియోక్లాసికల్ శైలి అన్నారు. మనుషులు కంగారు లేకుండా, గంభీరంగా, శిల్పాల్లా నిలబడతారు. కథలో ఉన్న నీతి చూడగానే అర్థం కావాలి. మాటలు తక్కువ, మౌనం ఎక్కువగా ఉన్న ఆరాధనలో పెరిగిన వెస్ట్‌కు ఈ పద్ధతి సరిగ్గా సరిపోయింది. మూడేళ్లు అక్కడ నేర్చుకుని 1763లో లండన్ చేరాడు. కొద్దికాలం ఉండి వెళ్లిపోదామనుకున్నవాడు మళ్లీ జన్మభూమిని చూడనేలేదు. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియా నుంచి ఎలిజబెత్ షెవెల్ వచ్చింది. వెంటబెట్టుకుని వచ్చింది వెస్ట్ తండ్రే. 1764 సెప్టెంబరులో వారి వివాహం జరిగింది. రాఫెల్, బెంజమిన్ అని ఇద్దరు కొడుకులు పుట్టారు.

లండన్‌లో యార్కు ఆర్చిబిషప్పు డ్రమ్మండ్ ఆయనచేత ఒక రోమా చరిత్ర ఘట్టాన్ని గీయించి, ఆ చిత్రం సంగతి మూడవ జార్జి రాజు చెవిన వేశాడు. రాజుకూ వెస్ట్‌కూ ఒకటే ఈడు. ఇద్దరూ 1738లోనే పుట్టారు. సత్రం యజమాని కొడుకుకూ ఇంగ్లాండు రాజుకూ మధ్య అలా మొదలైన స్నేహం నలభై ఏళ్లకు పైగా సాగింది. 1768లో రాయల్ అకాడమీ ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో వెస్ట్ ఒకడు. 1772లో రాజుగారి చారిత్రక చిత్రకారుడయ్యాడు. 1792లో ఆ అకాడమీకే అధ్యక్షుడై, నడుమ ఒక్క సంవత్సరం తప్ప, చనిపోయేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు.

ఆయనకు పేరు తెచ్చిన చిత్రం క్వెబెక్ యుద్ధంలో జనరల్ వుల్ఫ్ మరణం. గొప్పవారిని గీస్తే రోమన్ల దుస్తుల్లో గీయాలని అప్పటి మర్యాద. 1759లో జరిగిన యుద్ధంలో సైనికులు రోమన్ల దుస్తులు వేసుకోలేదని, వాళ్లు వేసుకున్న దుస్తులే గీస్తానని వెస్ట్ పట్టుబట్టాడు. పెద్దలు వారించినా వినలేదు. సత్యం విషయంలో రాజీపడని క్వేకరు రక్తం అది అనిపిస్తుంది. కానీ ఇదే మనిషి మన దేశం దగ్గరకు వచ్చేసరికి అంత నిక్కచ్చిగా లేడు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం క్లైవుకు బెంగాలు దివానీ అప్పగించే దృశ్యాన్ని ఆయన గీశాడు. ఆ ఆగస్టులోనే ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా క్లైవు సంపాదించాడు కాబట్టి అది మన తెలుగు నేల కథ కూడా. బొమ్మలో ఏనుగులు, గొప్ప సభామండపం కనబడతాయి. నిజానికి ఆ తంతు క్లైవు డేరాలో, భోజనబల్ల మీద కుర్చీ వేసి సింహాసనమనిపించి ముగించారు. వెస్ట్ భారతదేశం ఎన్నడూ చూడలేదు. చూడనిదాన్ని కొనేవారికి నచ్చినట్టు గీశాడు. ఆయన జీవితంలో మెచ్చుకోలేని పేజీల్లో ఇదొకటి.

బైబిలు దృశ్యాలతో చర్చిలను అలంకరించాలన్న కోరిక ఆయనకు ముందు నుంచీ ఉంది. 1773లో రాయల్ అకాడమీ చిత్రకారులు లండన్‌లోని సెయింట్ పాల్స్ కేథడ్రల్ లోపలి గోడలకు ఉచితంగా చిత్రాలు వేసిస్తామని ముందుకొచ్చారు. వారిలో వెస్ట్ కూడా ఉన్నాడు. లండన్ బిషప్పు టెరిక్ ఒప్పుకోలేదు. అది పోపు మతపు వాసన అని జనం గోల చేస్తారని ఆయన భయం. మన తెల్లని గోడల వెనుక ఉన్న ఆలోచన అదే.

కొన్నాళ్లకు రాజే స్వయంగా మరో తలుపు తెరిచాడు. విండ్సర్ కోటలో ఒక ప్రార్థనాలయం కట్టి, ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం వరకు దేవుడు మానవులకు తన్ను తాను బయలుపరచుకున్న చరిత్రనంతా చిత్రాలుగా గీయించాలన్నది సంకల్పం. బిషప్పుల అభిప్రాయం కనుక్కుని, అభ్యంతరం లేదన్నాకే రాజు ముందడుగు వేశాడని గాల్ట్ రాశాడు. సుమారు 36 చిత్రాలు అనుకున్నారు. రెండు దశాబ్దాలకు పైగా వెస్ట్ ఆ పనిలోనే మునిగిపోయాడు. ఇదే తన జీవితానికి దేవుడు నియమించిన పని అని నమ్మాడు.

ఆ సంవత్సరాలు ఆయనకు సుఖంగా గడవలేదు. ఒకవైపు తాను పుట్టిన దేశం, మరోవైపు తనకు అన్నం పెడుతున్న రాజు, యుద్ధంలో దిగారు. వెస్ట్ మనసు అమెరికా వైపే ఉండేదని రాజుకు తెలుసు. తెలిసీ ఆయన్ను వదులుకోలేదు. అమెరికా నుంచి వచ్చే యువ చిత్రకారులందరికీ వెస్ట్ ఇల్లు సత్రంలా ఉండేది. పీల్, స్టూవర్ట్, ట్రంబుల్, తరువాతి రోజుల్లో టెలిగ్రాఫ్ కనిపెట్టిన శామ్యూల్ మోర్స్, అందరూ ఆయన శిష్యులే. 1780లో ట్రంబుల్‌ను గూఢచారి అని లండన్‌లో ఖైదు చేశారు. ప్రాణానికే ముప్పున్న సమయమది. వెస్ట్ నేరుగా రాజు దగ్గరకు వెళ్లి ఆ కుర్రవాడి తరఫున బతిమాలాడు. శత్రుపక్షం మనిషి కోసం మాట్లాడితే తన స్థానమే పోవచ్చు. ప్రాణభయం లేదని రాజు మాట ఇచ్చాడు, కొన్ని నెలల తరువాత ట్రంబుల్ విడుదలయ్యాడు.

ఇంతలో రాజుకే ఆపద వచ్చింది. 1788లో మూడవ జార్జికి మతి చలించింది. పగలు రాత్రి తేడా లేకుండా మాట్లాడేవాడు, నిద్రపోయేవాడు కాదు. ఆనాటి వైద్యం ఎలా ఉండేదో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఇంగ్లాండు రాజుకు చేతులు కదలకుండా కట్టేసే చొక్కా తొడిగారు. కుర్చీకి కట్టేశారు. కోలుకున్నాడు, కానీ జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టింది. 1801లో రాజు మళ్లీ జబ్బుపడ్డాడు. ఆ ఏడాదే విండ్సర్ చిత్రాల పని ఆపేయమని వెస్ట్‌కు కబురు అందింది. ఇరవై ఏళ్ల శ్రమ, జీవితకాలపు దర్శనం ఒక్క కబురుతో అర్ధాంతరంగా నిలిచిపోయింది. చిత్రాలు చుట్టలు చుట్టి ఉండిపోయాయి. ఆ ప్రార్థనాలయం ఎన్నడూ పూర్తికాలేదు.

ఇక్కడే ఫిలడెల్ఫియా ఆసుపత్రి కథ వచ్చి కలుస్తుంది. రాయలసీమ కంపెనీ చేతికి వెళ్లిన 1800 సంవత్సరంలోనే పెన్సిల్వేనియా ఆసుపత్రి నిర్వాహకులు వెస్ట్ సాయం కోరారు. 1751లో డాక్టర్ థామస్ బాండ్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కలిసి స్థాపించిన ఆసుపత్రి అది. ఈ ఫ్రాంక్లిన్ వెస్ట్ చిన్న కొడుకుకు జ్ఞానస్నాన సాక్షి కూడా. ఆసుపత్రి ముద్ర మీద మంచి సమరయుడి బొమ్మ ఉంటుంది. బీదవారిని ఉచితంగా చేర్చుకునే ఆసుపత్రి కాబట్టి ఎప్పుడూ డబ్బుకు ఇబ్బందే. డబ్బు బదులు ఒక చిత్రం గీసి ఇస్తానని వెస్ట్ మాట ఇచ్చాడు. ప్రభువు దేవాలయంలో రోగులను బాగుచేసే దృశ్యం, మత్తయి సువార్త 21వ అధ్యాయంలోనిది. రూకలు మార్చేవారి బల్లలు పడదోసిన వెంటనే గుడ్డివారు, కుంటివారు ఆయన దగ్గరకు వచ్చారని, ఆయన వారిని బాగుచేశాడని మత్తయి రాశాడు. బల్లలు పడదోసిన సంగతి మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. వెంటనే జరిగిన ఈ రెండో సంగతి మీద ఎన్ని ప్రసంగాలు విన్నాం?

మాట ఇచ్చాడు గానీ చిత్రం పూర్తవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఈలోగా రాజు జబ్బు ఇక నయం కాదని తేలి, 1811లో యువరాజు పాలన చేపట్టాడు. వెస్ట్‌కు రాజు ఇస్తూ వచ్చిన ఏడాదికి వెయ్యి పౌండ్ల భత్యం ఆగిపోయింది. వయసు డెబ్బై దాటింది. భార్య ఆరోగ్యం బాగాలేదు. సరిగ్గా ఆ సంవత్సరమే చిత్రం పూర్తయింది.

చిత్రం చూసినవారు ముగ్ధులయ్యారు. అమెరికాకు పంపకుండా ఇక్కడే ఉంచాలని పట్టుబట్టారు. బ్రిటిష్ ఇన్‌స్టిట్యూషన్ అనే సంస్థ 3,000 గినీలు ఇస్తానంది. అప్పట్లో బతికున్న చిత్రకారుడికి అంత ధర అనేది మామూలు విషయం కాదు. లండన్‌లో ప్రదర్శిస్తే జనం విరగబడి చూశారు. మరి ఆసుపత్రికి ఇచ్చిన మాట?

వెస్ట్ డబ్బు తీసుకున్నాడు. చిత్రం అమ్మేశాడు. ఈ సంగతి మెత్తగా చెప్పి దాటేయడానికి లేదు. నష్టం కలిగినా మాట తప్పనివాడి గురించి 15వ కీర్తనలో చదివినవారికి ఇది గుచ్చుకుంటుంది. బీదల ఆసుపత్రి కోసం మొక్కుకున్న దానిని ధర బాగా పలికిందని అమ్ముకోవడం, ఎంత అవసరమున్నా, మొక్కుబడే. అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. ఇదే దృశ్యాన్ని కొన్ని మార్పులతో మళ్లీ గీసి ఫిలడెల్ఫియాకు పంపుకునే హక్కు తనకుండాలన్నాడు. కొన్నవారు ఒప్పుకున్నారు. డెబ్బై మూడేళ్ల మనిషి ఇంకోసారి అంత పెద్ద చిత్రం గీస్తానంటే నమ్మినవారు ఎంతమందో! అమ్ముడైన చిత్రం ఎలాగూ ఉంది, ఆసుపత్రివారు సముద్రానికి అవతల ఉన్నారు, అడిగేవారు లేరు. 1812లో ఇంగ్లాండు, అమెరికాల మధ్య మళ్లీ యుద్ధం కూడా వచ్చింది. మర్చిపోవడానికి కావలసినన్ని సాకులు దొరికాయి.

1814 డిసెంబరులో ఎలిజబెత్ చనిపోయింది. యాభై ఏళ్ల కాపురం. ఆ మరుసటి ఏడాది, 1815లో, రెండో చిత్రం పూర్తయింది.

సుమారు 10 అడుగుల ఎత్తు, 15 అడుగుల వెడల్పు ఉండే ఈ చిత్రం మధ్యలో ప్రభువు నిలబడి ఉంటాడు. చేతులు చాచి ఉంటాయి. చుట్టూ జనం. మోసుకొచ్చిన రోగి, జబ్బు బిడ్డను పట్టుకున్న తల్లి, చూపులేనివారు, కన్నెర్ర చేస్తున్న పెద్దలు. నియోక్లాసికల్ పద్ధతి ప్రకారం అందరూ శిల్పాల్లా పొందికగా ఉంటారు. ఇప్పటి కళ్లకు కొంచెం నాటకంలా కూడా అనిపించవచ్చు. నిజం చెప్పాలంటే వెస్ట్ గీసే ప్రభువు ముఖాల్లో మృదుత్వం ఉన్నంతగా జీవం ఉండదు. ఆయనకు రోగుల ముఖాలే బాగా వచ్చాయి.

రెండో చిత్రంలో కొత్తగా చేరినవాడొకడున్నాడు. మతి చలించిన ఒక కుర్రవాడు. ఒంటి మీద స్వాధీనం లేని ఆ పిల్లవాణ్ని అతని వాళ్లు పట్టుకుని ప్రభువు దగ్గరకు తెచ్చారు. మత్తయి 21లో అతడు లేడు. 17వ అధ్యాయంలోని చాంద్రరోగిని చూసినట్టుంటుంది. వెస్ట్ అతణ్ని కావాలనే చేర్చాడు. ఎందుకంటే పెన్సిల్వేనియా ఆసుపత్రి మొదటినుంచీ మతి చలించినవారిని కూడా చేర్చుకునేది.

చేర్చుకునేది గానీ ఎలా చూసేది? 18వ శతాబ్దంలో అక్కడి పిచ్చివారిని నేలమాళిగ గదుల్లో ఉంచేవారు. గొలుసులుండేవి. ఊరి జనం సరదాకు వచ్చి వాళ్లను చూసి, రెచ్చగొట్టి నవ్వుకునేవారు. ఆ తాకిడి తట్టుకోలేక నిర్వాహకులు చూడవచ్చినవారి దగ్గర నాలుగు పెన్నీల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. తరువాత డాక్టర్ బెంజమిన్ రష్ వంటివారు ఇది పాపమో శాపమో కాదని, మనసుకు వచ్చిన జబ్బని వాదించి పరిస్థితి కొంత మార్చారు. ఆయన వాడిన వైద్యాలు కూడా కఠినమైనవే, అది వేరే కథ.

ఇంగ్లాండులో వెస్ట్‌కు స్నేహితుడైన రాజు అప్పటికి చూపు కూడా పోయి, విండ్సర్ కోట గదుల్లో ఎవరితోనో మాట్లాడుకుంటూ తిరుగుతున్నాడు. ఆ కుర్రవాణ్ని గీస్తున్నప్పుడు వెస్ట్ మనసులో ఏముందో మనకెవరికీ తెలియదు. కానీ రాజభవనంలోని మనిషినీ నేలమాళిగలోని మనిషినీ ఒకే జబ్బు ఒకేలా కట్టిపడేస్తుందని ఆ కాలంలో ఆయనంత దగ్గరగా చూసినవారు తక్కువ.

మనమూ దీనికి దూరంగా లేం. మతి చలించినవారిని గుడి దగ్గరో, దర్గా దగ్గరో, చివరికి మన ప్రార్థన కూటాల దగ్గరో వదిలివెళ్లే కుటుంబాలను చూస్తూనే ఉన్నాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. అయినా దయ్యం అంటూ కొట్టడం, ఉపవాసాల పేరుతో అన్నం పెట్టకుండా మందులు మాన్పించడం మన మధ్య పూర్తిగా పోలేదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు కడప, కర్నూలు పల్లెల్లో తెలియనివారుండరు. ప్రార్థన చేస్తూనే మందు ఇవ్వవచ్చని మన తాతలకు నేర్పింది అటువంటి ఆసుపత్రులే. నేర్చుకున్నది ఎక్కడ మర్చిపోయామో ఆలోచించాలి.

చిత్రం 1817లో ఫిలడెల్ఫియా చేరింది. ఆసుపత్రి ఆవరణలో దాని కోసమే ఒక ఇల్లు కట్టారు. చూడటానికి మనిషికి 25 సెంట్లు. జనం బారులు తీరారు. మొదటి సంవత్సరంలోనే వేలమంది వచ్చారు. ఆ సొమ్ము ఆసుపత్రి విస్తరణకు, రోగుల సంరక్షణకు పనికొచ్చింది. ఒకప్పుడు అదే ఆవరణలో పిచ్చివారిని చూసి నవ్వుకోవడానికి చిల్లర చెల్లించిన ఊరు, ఇప్పుడు పిచ్చివాణ్ని ప్రభువు బాగుచేస్తుంటే చూడటానికి డబ్బు కట్టి లోపలికి వెళ్లింది. ప్రవేశ రుసుము పుచ్చుకునే పద్ధతి ఒకటే. లోపల ఉన్నది మారింది.

ఆ సంవత్సరమే వెస్ట్ ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలోని పాండుర వర్ణపు గుర్రాన్ని, దాని మీద మృత్యువును పెద్ద చిత్రంగా గీశాడు. దానికి మూడేళ్ల ముందే ప్రభువును జనం తిరస్కరించే ఘట్టాన్ని గీసి ఉన్నాడు. అవి రెండూ ఇప్పుడు ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా లలితకళల అకాడమీలో ఉన్నాయి. 1820 జనవరి 29న మూడవ జార్జి విండ్సర్‌లో చనిపోయాడు. ఆరు వారాలకు, మార్చి 11న, లండన్‌లోని న్యూమన్ స్ట్రీట్ ఇంట్లో వెస్ట్ కన్నుమూశాడు. ఆయన్ను సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో పాతిపెట్టారు. గోడల మీద ఆయన బొమ్మ వద్దన్న చర్చి కింద ఆయన దేహానికి చోటు దొరికింది.

పేరు ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగా పోయింది. 1826లో కొడుకులు తండ్రి చిత్రాలను కొనుక్కోమని అమెరికా ప్రభుత్వాన్ని అడిగారు. ఎవరూ ఆసక్తి చూపలేదు. 1829లో వేలం వేశారు. విండ్సర్ ప్రార్థనాలయం కోసం గీసిన చిత్రాలు చెల్లాచెదురయ్యాయి. వాటిలో కొన్ని ఇప్పుడు దక్షిణ కరోలినాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. రాజు డబ్బుతో గీసిన బైబిలు చరిత్ర అనుకున్న ఆలయ గోడకు ఎక్కలేదు.

3,000 గినీలకు అమ్ముడైన మొదటి చిత్రం ఇంగ్లాండు జాతీయ సేకరణలో చేరింది. ఒక్క పైసా తీసుకోకుండా ఇచ్చిన రెండోది పెన్సిల్వేనియా ఆసుపత్రిలోనే ఉంది. దానిని అప్పగించేటప్పుడు వెస్ట్ కాగితం మీద తన పేరు ఒక్కటే రాయలేదు. అప్పటికి చనిపోయి ఉన్న ఎలిజబెత్ పేరు కూడా కలిపి, పెన్సిల్వేనియాలో పుట్టిన ఇద్దరు భార్యాభర్తల కానుకగా రాయించాడు. ఆమె పుట్టి పెరిగిన ఊరు అది. పెళ్లి కోసం ఓడెక్కిన తరువాత ఆమె కూడా ఆ ఊరు మళ్లీ చూడలేదు.